దాయూలింగ్ ఊలాంగ్ పేరుతో అమ్మే తేయాకు విషయంలో జాగ్రత్త

తైవాన్‌లో ఉద్యోగాలు చేస్తున్న, చదువుకుంటున్న తెలుగువారికీ, ఈ దేశం చూడటానికి వచ్చి తిరిగి వెళ్లేటప్పుడు ఇంటికి మంచి తేయాకు పట్టుకెళ్లాలనుకునేవారికీ ఈ హెచ్చరిక. పర్యాటకులు ఎక్కువగా తిరిగే చోట్ల కొన్ని దుకాణాల్లో ఎత్తయిన కొండల ఊలాంగ్ (గ్రీన్ టీకీ బ్లాక్ టీకీ మధ్యరకం తేయాకు) అని చెప్పి, అందులోనూ అన్నిటికన్నా ఖరీదైన దాయూలింగ్ అనే కొండ ప్రాంతం పేరు చెప్పి, మామూలు రకం ఆకును అంటగడుతున్నారు. నాకు అంటగట్టినది అలాంటిదే. ఫిర్యాదు ఇంకా తేలలేదు కాబట్టి దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు తెలిసినంత మాత్రాన మీకు రక్షణ కూడా ఉండదు, ఎందుకంటే ఇదే పద్ధతి మరో దుకాణంలోనూ ఎదురుకావచ్చు.

దుకాణంలో మాకు రుచి చూపించిన టీ నిజంగా బాగుంది. చిన్న మట్టి కెటిల్‌లో సగానికి పైగా ఆకు వేసి, మరిగే నీళ్లు పోసి, కొద్ది క్షణాల్లోనే కప్పుల్లోకి వంచారు. పూల వాసన, గొంతు దిగాక నెమ్మదిగా పైకి వచ్చే తీపి, రెండూ ఉన్నాయి. ఇది ఈ చలికాలపు కోత అనీ, 105 కిలోమీటర్ల రాయి దగ్గరి తోటదనీ అమ్మకందారు చెప్పారు. డబ్బు కట్టాక మాత్రం రుచి చూపించిన డబ్బాలోంచి కాకుండా, వెనక గదిలోంచి ముందే గాలి తీసి సీలు వేసిన 150 గ్రాముల పొట్లాలు తెచ్చి అందమైన డబ్బాల్లో పెట్టి ఇచ్చారు. మోసం జరిగింది ఇక్కడే.

ఊలాంగ్‌లో ఒకే ఆకుకు మళ్లీ మళ్లీ నీళ్లు పోసి విడతలుగా కాస్తారు. ఇంటికి వచ్చి పొట్లం విప్పి కాచినప్పుడు మొదటి విడతలో వాసన గుప్పుమంది. రెండో విడతకే అది పూర్తిగా పోయి, నాలుక పక్కలకు పట్టుకునే వగరు మిగిలింది. నీళ్లలో తేడా ఉందేమోనని, లీషాన్ అనే మరో ఎత్తయిన కొండ ప్రాంతపు రైతు ఒకరి దగ్గర నేరుగా కొన్న ఆకును అవే నీళ్లతో, అదే కొలతతో, పక్కపక్కనే కాచి చూశాను. లీషాన్ ఆకు నాలుగో విడతలోనూ తీపి వదలలేదు. తర్వాత రెండు కెటిళ్లలోని తడి ఆకులనూ తెల్లని పళ్లేలలో పరిచాను. లీషాన్ పళ్లెంలో ఒకే కాడకు అంటుకుని మొగ్గ, రెండు మూడు ఆకులు పూర్తిగా విచ్చుకున్నాయి. అవి మందంగా, వేళ్ల మధ్య నలిపినా చిరగకుండా ఉన్నాయి, అంచుల వెంట సన్నగా ఎరుపు కూడా కనిపించింది. రెండో పళ్లెంలో సగం ఆకులు కత్తెరతో కోసినట్టు అడ్డంగా తెగి ఉన్నాయి, ఆకు లేని ఒట్టి కాడలూ, పలచని ముక్కలూ కలిసి ఉన్నాయి. అది యంత్రంతో కోసిన ఆకు. దాయూలింగ్, లీషాన్ ఎత్తుల్లో ఇప్పటికీ ప్రధానంగా చేత్తోనే కోస్తారు. యంత్రపు కోత నాంతౌ జిల్లాలోని మింగ్‌జియన్ వంటి తక్కువ ఎత్తు ప్రాంతాల్లో మామూలు.

105 సంగతి ఇంకా ముఖ్యమైనది. దాయూలింగ్ దగ్గరి తోటలను మధ్య తైవాన్ కొండల మీదుగా పోయే 8వ నంబరు రాష్ట్ర రహదారి కిలోమీటర్ల రాళ్లతో గుర్తిస్తారు, వాటిలో 105 చాలా పేరున్న తోట. అటవీ భూమిలో ఉన్న ఆ తోటను 2015 ప్రాంతంలో ప్రభుత్వం తిరిగి స్వాధీనం చేసుకుని, తేయాకు మొక్కలను కొట్టించివేసింది. అందువల్ల ఈ ఏడాది కోత అని చెప్పి ఎవరైనా 105 తోట ఆకు చూపిస్తే, ఆ ఒక్క మాటతోనే లేచి బయటికి రావచ్చు. దాయూలింగ్‌లో మిగిలిన తోటలు కొద్దివి. 2,500 మీటర్ల దరిదాపుల్లో చలి ఎక్కువ కాబట్టి ఏడాదికి కోతలు కూడా తక్కువే వస్తాయి. అంత కొంచెం పంట ప్రతి బజారు దుకాణం అరలనూ నింపడం సాధ్యం కాదు.

తైవాన్‌లో వెయ్యి మీటర్లకు పైన పండేదాన్ని ఎత్తయిన కొండ టీ అంటారు. చియాయీ జిల్లాలోని ఆలిషాన్, నాంతౌలోని షాన్‌లిన్‌షీ, ఇంకా పైకి పోతే లీషాన్, ఈ వరసలో ధర పెరుగుతూ పోతుంది. పేరు ఎంత పెద్దదైనా లూగూ ప్రాంతపు దోంగ్‌దింగ్ కొండ వెయ్యి మీటర్లు దాటదు. దాని గొప్పతనం ఆకును సెగపై వేయించే పద్ధతిలో ఉంది, దాన్ని ఆ పద్ధతి కోసమే కొనాలి. ఎత్తులో పొగమంచు, తక్కువ ఎండ, చల్లని రాత్రుల వల్ల ఆకు నిదానంగా పెరుగుతుంది, చేదు వగరు తగ్గి తీపి నిలుస్తుంది. ధర పెరగడానికి అసలు కారణం ఇదే కాబట్టి, కొనేటప్పుడు పరీక్షించవలసింది కూడా ఆ తీపినే.

పరీక్షకు నిపుణులు వాడే కొలత ఇంట్లో ఎవరికైనా సాధ్యమే: మూడు గ్రాముల ఆకు, 150 మిల్లీలీటర్ల మరిగే నీళ్లు, ఉండలుగా చుట్టిన ఊలాంగ్‌కు ఆరు నిమిషాలు. ఇంతసేపు నానితే ఆకులోని లోపం ఏదీ దాగదు. మంచి ఆకు అయినా కొంచెం ఘాటుగానే ఉంటుంది, కానీ మింగిన తర్వాత నోరు ఎండిపోకుండా తడిగా, తియ్యగా ఉంటుంది. దుకాణంవారు ఎక్కువ ఆకు వేసి క్షణాల్లో వంచేది పరిమళం మాత్రమే పైకి తేవడానికి. అది రోజూ తాగడానికి చక్కటి పద్ధతే, నేనూ ఇంట్లో అలాగే కాచుకుంటాను, కానీ కొనే నిర్ణయానికి అది చాలదు. నిజాయితీగల అమ్మకందారు మీరు అడిగితే ఆరు నిమిషాలు ఉంచి ఇవ్వడానికి అభ్యంతరం చెప్పరు. కాచిన తర్వాత తడి ఆకును పళ్లెంలో పరచి చూపించమని అడగండి, రుచి చూసిన ఆ డబ్బాలోంచే తూచి మీ కళ్లముందు సీలు వేయమనండి. దీనికి ఒప్పుకోని చోట ఒక్క పొట్లం కూడా కొనకండి.

పాల వాసన వచ్చే ఊలాంగ్ మనవాళ్లకు బాగా నచ్చుతుంది కాబట్టి దాని గురించి ఒక మాట. 1981లో తైవాన్ తేయాకు పరిశోధన కేంద్రం విడుదల చేసిన జిన్‌షువాన్ అనే రకంలో సహజంగానే పాలను పోలిన లేత పరిమళం ఉంటుంది. పొట్లం విప్పగానే పాలకోవా వాసన గది అంతా నిండితే అది పైనుంచి చేర్చిన పరిమళమే. కాచిన తర్వాత ఖాళీ కప్పును చల్లారనిచ్చి వాసన చూస్తే తేడా తెలుస్తుంది.

కోత చేత్తో చేసినదే అయినా మోసానికి ఇంకో దారి ఉంది. తైవాన్ తాను పండించేదానికంటే ఎక్కువ తేయాకును దిగుమతి చేసుకుంటుంది, అందులో పెద్ద వాటా వియత్నాంది. అక్కడి లామ్‌డాంగ్ ప్రాంతంలో తైవాన్ వ్యాపారులు ఇక్కడి మొక్కలనే నాటించి, ఇక్కడి పద్ధతిలోనే ఊలాంగ్ తయారు చేయిస్తున్నారు. ఆ టీ తాగడంలో తప్పేమీ లేదు, దాని ధరకు అది మంచిదే. దాన్నే ఆలిషాన్ అని ముద్ర వేసి మూడు నాలుగు రెట్లకు అమ్మడం మోసం. తడి ఆకు చూసి ఈ తేడా పట్టడం కష్టం కాబట్టి, పొట్లం మీద ఉత్పత్తి దేశం రాసి ఉందో లేదో చూడండి, మూలాన్ని చూపే క్యూఆర్ కోడ్ ఉంటే అక్కడే ఫోనుతో తెరిచి రైతు వివరాలు, కోత తేదీ సరిపోల్చండి.

ధర అడిగేటప్పుడు ఎన్ని గ్రాములకో రాయించుకోండి. ఇక్కడ ఒక జిన్ అంటే 600 గ్రాములు, ఒక లియాంగ్ అంటే 37.5 గ్రాములు. బల్ల మీద రాసినది లియాంగ్ ధర అని తెలియక, పొట్లం ధర అనుకుని తలూపితే, 150 గ్రాముల పొట్లానికి నాలుగు లియాంగ్‌లు కాబట్టి బిల్లు నాలుగింతలు అవుతుంది. తూకం వేసి సీలు చేశాక వద్దనడానికి మొహమాటపడతారని అమ్మేవారికి బాగా తెలుసు.

ఇప్పటికే కొని అనుమానంతో ఉన్నవారు మిగిలిన పొట్లాలు విప్పకుండా ఉంచండి, విప్పినదాని తడి ఆకును తెల్లని పళ్లెంలో పరచి ఫోటోలు తీయండి, బిల్లు పారేయకండి. ఆన్‌లైన్‌లో కొన్న సరుకును తైవాన్ చట్టం ప్రకారం అందిన ఏడు రోజుల్లో సాధారణంగా తిప్పి పంపవచ్చు. దుకాణంలో ఎదురుగా కొన్నదానికి ఆ హక్కు వర్తించదు, కానీ వినియోగదారుల ఫిర్యాదుల నంబరు 1950కి ఫోన్ చేయవచ్చు. నేను చేశాను. చైనీస్ బాగా వచ్చిన స్నేహితులెవరైనా పక్కన ఉంటే పని త్వరగా అవుతుంది. దుకాణంవారు సగం డబ్బు తిరిగి ఇస్తామన్నారు, నేను ఒప్పుకోలేదు. పొట్లం మీద ముద్రించిన తోట పేరుకు ఆధారం చూపమని రాతపూర్వకంగా అడిగాను. సమాధానం రాగానే ఇక్కడే రాస్తాను.