నెల్లూరు జిల్లా కావలి ఎండల్లో ముధోల్ వేటకుక్క: ఆరేళ్ళు పెంచాక

ముధోల్ హౌండ్ కొనాలనుకునేవాళ్ళు ముందుగా అడిగేది దాని పరుగు గురించే. అంత వేగంగా ఉరికే కుక్కని ఇంట్లో ఎలా పెట్టుకున్నారని అడుగుతారు. మా లచ్చి రోజులో ఎక్కువసేపు పడుకునే ఉంటుంది. పొద్దున ఒకసారి బాగా పరిగెత్తనిస్తే సాయంత్రం దాకా దాని జోలికి మనం వెళ్ళక్కర్లేదు, మన జోలికి అది రాదు. శ్రద్ధంతా పెట్టాల్సింది దాని ఒంటి మీద. లాబ్రడార్‌కో ఊరకుక్కకో సరిపోయే లెక్కలు చాలావరకు దీనికి సరిపోవు.

ఇది కర్ణాటకలో బాగల్‌కోట్ జిల్లా ముధోల్ వైపు జాతి. మన తెలుగువాళ్ళు కొందరు నిర్మల్ జిల్లా ముధోల్ అనుకుంటారు, అది వేరే ఊరు. 2005లో తపాలా శాఖ దేశీ కుక్కల మీద విడుదల చేసిన స్టాంపుల్లో దీని బొమ్మ కూడా ఉంది. వాసన పట్టి కాకుండా కంటితో చూసి వేటాడే రకం. మాది ఆడది. భుజం దగ్గర 26 అంగుళాల ఎత్తు, 23 కిలోల బరువు.

తెచ్చిన మొదటి రెండేళ్ళూ వీధిలో పెద్దవాళ్ళు నన్ను ఆపి అడగడమే. "ఏంది నాయనా, దానికి కూడు పెట్టడం లేదా? డొక్కలు తేలిపోయినాయే!" ఈ మాట విని మీరు తిండి పెంచొద్దు. చివరి రెండు మూడు పక్కటెముకలు కనిపిస్తూ, పొట్ట బాగా లోపలికి ఉంటేనే ఈ కుక్కకి సరైన బరువు. వెన్నుపూస మొత్తం తేలినా, తొడల్లో కండ తగ్గినా అప్పుడు ఆలోచించాలి. లావెక్కితే ఆ సన్నటి కాళ్ళ మీద భారం పడుతుంది. మేము అన్నంలో ఉడికించిన చికెన్, గుడ్డు, కొంచెం పెరుగు కలిపి రెండు పూటలా పెడతాం. నెలకి 3,000 నుంచి 4,000 రూపాయల దాకా అవుతుంది. ఒకే పూట కడుపునిండా పెట్టకూడదు, తిన్నాక గంటన్నర దాకా పరిగెత్తనివ్వకూడదు. ఛాతీ లోతుగా ఉండే కుక్కల్లో కడుపు గ్యాస్‌తో ఉబ్బి మెలిపడే ప్రమాదం ఎక్కువ. పొట్ట బిగిసిపోయి, కక్కబోయినా ఏమీ రాకుండా అవస్థ పడుతుంటే రాత్రయినా సరే, తెల్లారేదాకా ఆగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి.

తర్వాత బెల్టు. దీని తల సన్నం, మెడ లావు. మామూలు బెల్టు ఎంత బిగించినా వెనక్కి గుంజుకుంటే తల బయటికి వచ్చేస్తుంది. లాగినప్పుడు మాత్రమే కొంచెం బిగిసే మార్టింగేల్ బెల్టు, అదీ రెండు అంగుళాల వెడల్పుది వాడండి. వీధిలో గొలుసు వదలడం అనేది పెట్టుకోవద్దు. పిలిస్తే వచ్చే కుక్కే, కాదనను. కానీ దూరంగా ఏదన్నా కదిలిందంటే దాని చెవికి మన పిలుపు చేరదు. మా ఊరి పక్కనే జాతీయ రహదారి, రైలు పట్టాలు రెండూ ఉన్నాయి. ఆ మాట తలుచుకుంటేనే నాకు టెన్షన్. గొర్రెల మంద వచ్చే వేళకి మేము ఆ దారి వైపు వెళ్ళం. కాపరికి ఒక్క గొర్రెపిల్ల పోయినా ఎంత నష్టమో మన జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

పరుగుకి మేము ఎంచుకున్నవి రెండు చోట్లు. చుట్టూ గోడ ఉన్న మా బావ మామిడితోట ఒకటి. ఎవరూ లేని వేళ తెల్లవారుజామున తుమ్మలపెంట సముద్రపు ఒడ్డు ఇంకొకటి, అక్కడ పొడవాటి తాడు కట్టే తిప్పుతాం. తోటలో లచ్చి పూర్తి వేగం అందుకున్నప్పుడు చూడాలి. ఒక్కో దూకులో రెండుసార్లు నాలుగు కాళ్ళూ నేల వదిలేస్తాయి. వెన్ను విల్లులా వంగి మళ్ళీ సాగుతుంది. ఇన్నేళ్ళయినా నేను ఆ సమయంలో ఫోన్ చూడలేదు.

వేటకి అడిగేవాళ్ళు ఉంటారు. "చెవులపిల్లులకి తీసుకుపోదాం, మా వైపు మెట్ట నిండా అవే" అని ఉదయగిరి వైపు నుంచి తెలిసినవాళ్ళు చాలాసార్లు అడిగారు. ఇవ్వను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం, చట్టం లేకపోయినా ఇవ్వను. ఆ కంపల్లో వదిలితే తిరిగొచ్చేటప్పటికి దాని ఒంటి మీద చర్మం మిగలదు. ఈ జాతికి చర్మం పలచన, కింద కొవ్వు పొర దాదాపు ఉండదు. వేరే కుక్కకి గీరుకునే సర్కారు తుమ్మ ముల్లు దీనికి చీరేస్తుంది. ముళ్ళకంచె అయితే కుట్లే.

కుట్లు అంటే మత్తు. ఇది మాత్రం ప్రతి యజమానీ గుర్తుపెట్టుకోవాలి. గ్రేహౌండ్ (ఇలాగే సన్నగా ఉండి వేగంగా ఉరికే విదేశీ వేటకుక్క) లాంటి కుక్కల్లో థయోపెంటోన్ రకం మత్తు మందులు తొందరగా దిగవు. ఒంట్లో కొవ్వు తక్కువ, కాలేయం ఆ మందుని నెమ్మదిగా విరుస్తుంది. కాబట్టి ఆపరేషన్‌కి ముందే డాక్టర్ గారితో "ఇది వేటకుక్క జాతి, ఏ మత్తు ఇస్తారు?" అని అడగండి. బరువు ఆ రోజే తూయించండి. మెలకువ వచ్చేదాకా దుప్పటి కప్పి వెచ్చగా ఉంచండి. లచ్చికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించినప్పుడు మేము ఇలాగే అడిగాం. డాక్టర్ గారు ఓపిగ్గా విని ప్రొపొఫాల్ అనే వేరే మత్తు మందు వాడారు, సాయంత్రానికల్లా లేచి నిలబడింది.

రక్తపరీక్ష సంగతీ అంతే. మన వైపు పిడుదుల జ్వరం ఎక్కువ. అది వస్తే ప్లేట్‌లెట్లు పడిపోతాయి. అయితే గ్రేహౌండ్లకి ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా ప్లేట్‌లెట్లు మిగతా జాతుల కంటే తక్కువ, ఎర్ర రక్తకణాల శాతం ఎక్కువ. ముధోల్ కూడా అలాంటి శరీరమే కనుక, కుక్క బాగున్నప్పుడే ఒకసారి పరీక్ష చేయించి ఆ కాగితం దాచాం. తర్వాత లచ్చి తిండి మానేసి జ్వరంతో పడుకున్నప్పుడు పాత రిపోర్టు పక్కన పెట్టి చూస్తే అసలు ఎంత పడిపోయిందో తెలిసింది. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ నాలుగు వారాల కోర్సు పూర్తిగా వాడాం. రెండో వారానికే కోలుకుంటుంది, అక్కడ ఆపేయకండి. వెంట్రుక పొట్టి కాబట్టి పిడుదు చేతికి సులువుగా తగులుతుంది. చెవుల లోపల, కాలివేళ్ళ మధ్య రోజూ వెతకాలి.

ఎండకి లాబ్రడార్ కంటే ఇది నయం. అలాగని రోహిణి కార్తెలో పరిగెత్తించకండి. ఏదన్నా కంటపడితే అలసట తెలియకుండా ఉరికి వడదెబ్బ తినే కుక్క ఇది. వేసవిలో మా నడక ఉదయం ఐదింటికీ, రాత్రి ఎనిమిది దాటాకా. నవంబరు వానల్లో మాత్రం వణుకుతుంది. తుపాను రోజుల్లో అమ్మ పాత కంబడి దానికే. మోచేతుల దగ్గర కాయలు కాయకుండా పరుపు ఏడాది పొడవునా ఉండాలి, గచ్చు మీద పడుకోనివ్వకండి.

కాపలాకి అడిగితే నేను వద్దనే చెబుతాను. కొత్తవాళ్ళు వస్తే లేచి చూస్తుంది, మొరుగుతుంది, ముట్టుకోబోతే పక్కకి తప్పుకుంటుంది. ఇంటి మనుషుల మీద మాత్రం ప్రాణం. గట్టిగా అరిస్తే ఆ పూట తిండి ముట్టదు. కొట్టి నేర్పే అలవాటున్న ఇంటికి ఈ కుక్క వద్దే వద్దు.

కొనేటప్పుడు తల్లిని చూపించమనండి. పొడుగుకాళ్ళ పిల్ల ప్రతిదాన్నీ ముధోల్ అని అమ్ముతున్నారు. తల్లి మన చేతిని వాసన చూడకముందే మూలకి నక్కి వణికితే ఆ ఈత పిల్లలు వద్దు. కుక్కల జాతుల్ని నమోదు చేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కాగితాల్లో క్యారవాన్ హౌండ్ అని రాసి ఉంటుంది, అది ఇదే జాతి, కంగారుపడక్కర్లేదు. ఇంటి గోడ ఆరడుగులకి తక్కువ ఉంటే ముందు అది పెంచి, ఆ తర్వాత పిల్లని తెచ్చుకోండి.