బేరింగులు భేష్, బోల్టులు మాత్రం చూసుకోండి

ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా లారీల బేరింగులు మారుస్తున్నవాణ్ణి. ఏ చక్రం కనబడినా వేలితో తిప్పి చెవి దగ్గర పెట్టుకోవడం అలవాటు. మా అమ్మాయికి ఇన్‌లైన్ స్కేట్లు (ఒకే వరసలో చక్రాలుండేవి) కొన్న రోజూ అదే చేశాను. షాపు కుర్రాడు నవ్వాడు.

షాపు ఏలూరు రోడ్డు పక్క సందులో ఉంది. పేరు రాయను. జత 6,800 రూపాయలు, కాలికి నాలుగేసి 84 మిల్లీమీటర్ల చక్రాలు. బేరింగులు మామూలు 608 సైజే, బయట 22, లోపల 8 మిల్లీమీటర్లు. చప్పుడు లేదు. రెండు నెలలు బెజవాడ దుమ్ము తిన్నాక కూడా పెట్రోల్‌తో కడిగి రెండు చుక్కలు ఆయిల్ వేస్తే కొత్తవాటిలా తిరిగాయి. బూటు మడమ దగ్గర ఒరుసుకోలేదు.

సంక్రాంతి సెలవుల్లో పోటీ పెట్టారు. చివరి మలుపులో ముందున్న ఇద్దరు పిల్లలు ఒకరినొకరు తగులుకుని పడ్డారు. నాలుగో స్థానంలో ఉన్న మాది రెండోది అయింది. "మీ అమ్మాయిది లక్కేనండీ" అంది ఎదురింటావిడ. అంతే, పిల్ల మొహం మాడిపోయింది. కప్పు సంచిలోంచి బయటికి తీయనే లేదు.

మర్నాడు కోచ్ ఫోన్‌లో ఒక రేసు చూపించాడు. 2002 సాల్ట్ లేక్ సిటీ వింటర్ ఒలింపిక్స్, షార్ట్ ట్రాక్ 1000 మీటర్లు. 111 మీటర్ల చిన్న ఐస్ ట్రాక్ మీద తొమ్మిది చుట్లు. ఆస్ట్రేలియావాడు స్టీవెన్ బ్రాడ్‌బరీ క్వార్టర్ ఫైనల్లో మూడోవాడు, ముందున్నవాణ్ణి డిస్‌క్వాలిఫై చేస్తే సెమీస్‌కి వచ్చాడు. అక్కడా ముందువాళ్లు పడ్డారు. ఫైనల్ చివరి మలుపులో మిగతా నలుగురూ కుప్పగా పడితే, వెనక వస్తున్న ఇతను నిలబడి గీత దాటాడు. దక్షిణార్ధగోళానికి వింటర్ ఒలింపిక్స్‌లో అదే మొదటి బంగారం. స్పీడులో వాళ్లతో సరితూగలేనని తెలిసి, కావాలనే వెనక ఉన్నాడట. అంతకుముందు 1994లో ఇంకొకరి స్కేట్ బ్లేడు తగిలి తొడకు 111 కుట్లు, 2000లో మెడ ఎముక విరిగింది. అదే 1994లో రిలేలో కాంస్యం కూడా ఉంది, అది ఎవరికీ గుర్తుండదు.

"వాళ్లు పడకపోతే నాన్నా?" అంది.

"ఐదోవాడే" అన్నాను. అబద్ధం చెప్పి ఏం లాభం? కానీ ఆ మెడతో మళ్లీ ఐస్ ఎక్కకపోతే ఐదోవాడూ కాడు కదా.

ఫిబ్రవరిలో ప్రాక్టీసులో మాదీ పడింది, మోచెయ్యి దోక్కుపోయింది. చూస్తే ముందు చక్రం బోల్టు వదులు. బోల్టు వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు, లాక్‌టైట్, చుక్క కూడా వేయలేదు. షాపుకి వెళ్తే "బ్యాడ్ లక్ సార్" అన్నాడు. నేను బిగించిన లారీ చక్రం ఊడితే డ్రైవరు దగ్గర ఆ మాట అనగలనా? బోల్టు మార్చడానికి 40 రూపాయలు కూడా తీసుకున్నాడు.

స్కేట్లకు నాలుగు స్టార్లు, బిగింపుకు ఒకటి. కొనేవాళ్లు 4 నంబరు అలెన్ కీ జేబులో పెట్టుకుని వెళ్లండి, గుమ్మం దాటకముందే ఎనిమిది బోల్టులూ మీరే బిగించుకోండి.

పోయిన ఆదివారం పార్కులో పిల్లలందరి స్కేట్లూ చూశాను. సంక్రాంతి పోటీలో పడిన అమ్మాయివీ ఆ షాపువే. ముందు చక్రం బోల్టు వేలితో తిరిగింది. బిగించి ఇచ్చాను. మా అమ్మాయికి ఇంకా చెప్పలేదు, ఆ కప్పు ఈ మధ్యే టీవీ పక్కన పెట్టుకుంది.