అరుదైన జన్యువ్యాధుల మందులపై సుంకం మినహాయింపు: ఎంతవరకు ఆదుకుంటోంది?

2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో ఉన్న జబ్బులకు సొంత వాడకానికి తెప్పించుకునే మందులపైనా, ప్రత్యేక వైద్య ఆహారంపైనా 2023 ఏప్రిల్ 1 నుంచి కస్టమ్స్ సుంకం లేదు. మామూలుగా మందుల మీద పడే 10 శాతం అలా మిగులుతుంది. అదే ఏడాది జులైలో జీఎస్టీ మండలి ఐజీఎస్టీ (దిగుమతిపై పడే జీఎస్టీ) కూడా తీసేయాలని నిర్ణయించింది. సదుపాయం మంచిదే, కానీ సరైన కాగితం చూపినవాళ్లకే దక్కుతుంది.

దీని అసలు ప్రయోజనం ఫినైల్‌కీటోన్యూరియా పిల్లలకు. పాలు, పప్పు, గుడ్లలో ఉండే ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లం వీళ్ల రక్తంలో పేరుకుని మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. అందుకే అది లేని ఫార్ములా పొడి రోజూ పట్టాలి. డబ్బా అయిపోయాక వెతుక్కుంటే కుదరదు.

ఈ మినహాయింపుకు చూపాల్సిన ధ్రువపత్రం రాష్ట్ర ఆరోగ్య సంచాలకులో, జిల్లా వైద్యాధికారో ఇస్తారు. జెనెటిక్స్ డాక్టరు ఉత్తరం, పరీక్ష రిపోర్టు, నెలకు ఎన్ని డబ్బాలో రాసిన ప్రిస్క్రిప్షన్, అమ్మేవారి ప్రొఫార్మా ఇన్వాయిస్ (ముందస్తు బిల్లు) తీసుకెళ్లండి. బిడ్డ పేరు, సరుకు పేరు, పరిమాణం అన్నిటిలోనూ ఒకేలా ఉండాలి. పత్రంలో 12 డబ్బాలు, ఇన్వాయిస్‌లో 24 ఉంటే సరుకు విమానాశ్రయంలోనే చిక్కుకుంటుంది. మన దేశంలో అనుమతి లేని మందైతే ఫారం 12ఏ దరఖాస్తు పెట్టి 12బీ దిగుమతి పర్మిట్ విడిగా తెచ్చుకోవాలి. ఇవన్నీ చేతికొచ్చాకే ఆర్డర్ పెట్టండి, ముఖ్యంగా 2–8 డిగ్రీల చలువలో ఉంచాల్సిన ఇంజెక్షన్లకు.

లారోనిడేజ్, ఇడర్‌సల్ఫేజ్, రిస్డిప్లామ్ లాంటి 36 మందులకు 2025 బడ్జెట్ నేరుగానే సుంకం ఎత్తేసింది. 2025 సెప్టెంబరు 22 నుంచి వాటిపై జీఎస్టీ కూడా సున్నా.

అయినా భారం తీరదు. ఎంపీఎస్-1 అనే జన్యువ్యాధికి వాడే లారోనిడేజ్ మోతాదు వారానికి కిలోకు 0.58 మి.గ్రా.; వయల్‌లో ఉండేది 2.9 మి.గ్రా. పది కిలోల బిడ్డకు సరిగ్గా రెండు వయల్స్. పన్నెండు కిలోలకు 6.96 మి.గ్రా. కావాలి కనుక మూడోది విప్పాల్సిందే, మిగిలింది దాచుకోవడానికి వీల్లేదు. ఏడాదికి 104 కాస్తా 156 అవుతాయి. పన్ను సున్నా అయినా బిడ్డ బరువుతోపాటే ఖర్చూ పెరుగుతుంది. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ–నిమ్స్ వంటి ఎక్సలెన్స్ కేంద్రాల (అరుదైన వ్యాధుల చికిత్సకు ప్రభుత్వం గుర్తించిన సంస్థల) ద్వారా వచ్చే 50 లక్షల రూపాయల సాయం జీవితాంతం వాడాల్సిన మందుకు ఏ మూలకూ రాదు. ఆ పరిమితి పెంచి తీరాలి.

మందు ఇక్కడే కొంటుంటే బిల్లులో జీఎస్టీ గడి చూడండి. పైన చెప్పిన 36 మందుల్లో దేనికైనా అక్కడ ఇంకా 5 గానీ 12 గానీ కనిపిస్తే డబ్బు కట్టకముందే బిల్లు మార్పించుకోండి.