తారు బీటలు వాటంతటవే పూడాలంటే ఏది మేలు: ఉక్కు పీచా, నూనె గుళికలా?

అతుక్కునే గుణం తారుకు ముందు నుంచీ ఉన్నదే. ఎండ బాగా తగిలి, బండ్ల రాకపోకలు కాసేపు ఆగితే సన్న బీటల అంచులు మెత్తబడి కలిసిపోతాయి. కానీ హైవేకు విశ్రాంతి ఎక్కడిది? పైగా గాలి సోకి తారు ఏటికేడు బిగుసుకుని పెళుసెక్కుతుంది. అప్పుడు ఆ గుణం మందగిస్తుంది. దాన్ని మళ్లీ లేపడానికే ఈ రెండు పద్ధతులూ.

మొదటిది నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ ష్లాంగెన్ బృందం చేసింది. తారు, కంకర కలిపేటప్పుడే సన్నటి ఉక్కు పీచు వేస్తారు. బీటలు మొదలయ్యాక రోడ్డు మీదుగా ఇండక్షన్ యంత్రం నడుపుతారు. ఇంట్లో ఇండక్షన్ స్టవ్ గిన్నెను వేడిచేసినట్టే ఇక్కడ పీచు వేడెక్కుతుంది, చుట్టూ ఉన్న తారు కరిగి బీటలోకి పారుతుంది. 2010 చివర్లో ఎ58 మోటార్‌వేపై 400 మీటర్ల మేర ఇలా వేశారు. నీళ్లు ఇంకడానికి, చప్పుడు తగ్గడానికి అక్కడి రోడ్లలో దాదాపు ఐదో వంతు ఖాళీలు వదులుతారు. ఆ ఖాళీల వల్లే గాలి లోపలిదాకా సోకి, పైకంకర రాయి తర్వాత రాయి ఊడిపోతుంది. వాళ్ల అసలు బెంగ అదే.

రెండోది గుళికలు. సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్‌తో చేసిన గుళికల్లో పొద్దుతిరుగుడు నూనె నింపి తారులో కలుపుతారు. బండ్ల బరువుకు గుళిక నలిగి నూనె ఊరుతుంది, ముదిరిన తారు మెత్తబడుతుంది. యంత్రం అక్కర్లేదు, ట్రాఫిక్ ఆపక్కర్లేదు.

వినడానికి గుళికలే ముచ్చటగా ఉంటాయి. అయినా రద్దీ మోటార్‌వేకు నా ఓటు ఉక్కు పీచుకే. నూనె ఖాళీ అయిన గుళిక మళ్లీ నిండదు. పీచునైతే మళ్లీ మళ్లీ వేడిచేయొచ్చు, ఎప్పుడు చేయాలన్నది ఇంజనీరు చేతిలో ఉంటుంది. జాగ్రత్త మాత్రం తప్పదు: ప్రయోగశాలలో 85 డిగ్రీల దగ్గర మంచి ఫలితం వచ్చింది, అంతకు బాగా మించితే తారు కిందికి జారిపోతుంది. పీచు సరిగా కలవక ఉండకట్టినా చిక్కే.

తెలుగు నేల రోడ్ల సంగతి వేరు. మే నెల ఎండకు తారు పైపొర 60 డిగ్రీలు దాటుతుంది, కాబట్టి మనకు కరువు వేడికి కాదు. ముదిరిన తారుకు జీవం పోసే నూనె దారే ఇక్కడ ఎక్కువ అక్కరకొస్తుందని నా నమ్మకం. అయితే నూనె మోతాదు మించితే అదే ఎండకు లారీ చక్రాల కింద రోడ్డు గాడులు పడుతుంది. ముందు తేల్చుకోవాల్సింది ఆ మోతాదే.

ఏ పద్ధతైనా సన్న బీటలకే. వాన నీరు దిగి అడుగు పొర కదిలిపోయిన చోట తవ్వి మళ్లీ వేయాల్సిందే.