దావా విలువ కోర్టు పరిధి దాటితే: వాపసు మేలా, బదిలీ మేలా?

రాజోలు వైపు ఎకరంన్నర కొబ్బరితోట మీద హక్కు ప్రకటించమని ఒక రైతు జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో, అంటే పెద్దలు ఇప్పటికీ మున్సిఫ్ కోర్టు అని పిలిచే చోట, దావా వేశాడనుకుందాం. తోట విలువ తక్కువగా చూపారని ప్రతివాది తన జవాబులోనే అభ్యంతరం చెప్పాడు. అది తేలేసరికి సాక్షుల విచారణ సగం నడిచింది. అసలు విలువ ఆ కోర్టు ఆర్థిక పరిధిని, అంటే అది విచారించగల దావాల విలువకున్న హద్దును, దాటిందని రుజువైంది. ఇప్పుడు వాది ముందు ప్రధానంగా రెండు దారులున్నాయి.

మొదటిది, సివిల్ ప్రొసీజర్ కోడ్ 7వ ఆర్డరు 10వ రూలు కింద వాదపత్రాన్ని వాపసు తీసుకొని, తగిన పై కోర్టులో మళ్లీ దాఖలు చేయడం. 10ఏ రూలు ప్రకారం వాది కోరితే, కొత్త కోర్టులో ఉభయపక్షాలు హాజరు కావలసిన తేదీని పాత కోర్టే నిర్ణయిస్తుంది కాబట్టి మళ్లీ సమన్లు జారీ చేయవలసిన పని సాధారణంగా ఉండదు. ఈ దారిలోని కష్టం వేరే చోట ఉంది. వాపసైన వాదపత్రం కొత్త కోర్టుకు చేరాక విచారణ మొదటి నుంచీ జరగవలసిందేనని 2020లో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం స్పష్టం చేసింది. అంటే, పాత సరిహద్దు గట్టు ఎక్కడుండేదో చెప్పగలిగిన ముసలి సాక్షి ఒకసారి బోనెక్కి దిగినా, అతన్ని మళ్లీ పిలవాలి. ఈలోగా అతను కన్నుమూస్తే ఆ నష్టాన్ని పూడ్చుకోవడం చాలా కష్టం.

కాలపరిమితి చిక్కు కూడా ఇక్కడే వస్తుంది. పరిధి లేని కోర్టులో గడిచిన కాలాన్ని 1963 నాటి లిమిటేషన్ చట్టం 14వ సెక్షను మినహాయిస్తుంది గాని, వాది సద్బుద్ధితో, తగిన శ్రద్ధతో ఆ దావా నడిపి ఉంటేనే మినహాయిస్తుంది. కోర్టు ఫీజు తగ్గించుకోవడానికి తెలిసి తెలిసి విలువ తగ్గించి రాసిన వాదికి ఆ రక్షణ దొరకకపోవచ్చు.

రెండో దారి సివిల్ ప్రొసీజర్ కోడ్ 24వ సెక్షను కింద బదిలీ. పరిధి లేని కోర్టు నుంచి కూడా దావాను బదిలీ చేయవచ్చని 1976 సవరణతో చేర్చిన ఐదో ఉపసెక్షను చెబుతుంది. జిల్లా కోర్టుకు గాని హైకోర్టుకు గాని దరఖాస్తు పెట్టుకోవాలి. బదిలీ ఉత్తర్వులో ప్రత్యేక ఆదేశాలు లేకుంటే, దావా అందుకున్న కోర్టు కేసును మళ్లీ మొదటి నుంచి విచారించవచ్చు, లేదా ఆగిన చోటు నుంచి కొనసాగించవచ్చు. దావా అదే దావాగా మిగులుతుంది కాబట్టి కాలపరిమితి భయం ఉండదు. తక్కువైన కోర్టు ఫీజు రెండు దారుల్లోనూ కట్టక తప్పదు. సాక్ష్యం నమోదు కాకముందే విలువ తేలిపోతే వాపసు వల్ల పెద్ద నష్టం లేదు. సాక్ష్యం మొదలైన కేసులో మాత్రం నేను నిస్సంకోచంగా బదిలీనే కోరమంటాను, అదీ వాపసు ఉత్తర్వు రాకముందే.

ప్రోనోటు బాకీ వంటి సొమ్ము దావాల్లో, మొత్తం పరిధిని కాస్తే మించితే, 2వ ఆర్డరు 2వ రూలు ప్రకారం ఆ కాస్తనూ వదులుకొని అదే కోర్టులో ఉండవచ్చు. వదులుకున్న భాగానికి మళ్లీ దావా వేసే వీలుండదు. పై కోర్టుకు తిరిగే ఖర్చుతో పోల్చి చూసుకుంటే చిన్న మొత్తాలకు ఇది నయమే.

ఇక ప్రతివాది సంగతి. పరిధి లేని డిక్రీ ఎలాగూ చెల్లదు, ఓడిపోతే అప్పీలులో చూసుకుందాం అని ఊరుకునేవారికి చట్టం ఆ వీలు ఇవ్వలేదు. 21వ సెక్షను రెండో ఉపసెక్షను ప్రకారం ఆర్థిక పరిధి అభ్యంతరాన్ని మొదటి కోర్టులో తొలి అవకాశంలోనే, వివాదాంశాలు ఖరారయ్యేలోపే చెప్పాలి; అంతేకాక, దానివల్ల న్యాయానికి భంగం కలిగిందని కూడా తేలాలి. ఇవన్నీ కలిస్తేనే అప్పీలు కోర్టు ఆ అభ్యంతరాన్ని వింటుంది. విషయంపైనే అధికారం లేని కోర్టు ఇచ్చిన తీర్పుకు ఈ నియమం వర్తించదు. రెండింటినీ ఒకటిగా చూడడం వల్లే చాలామంది పొరబడతారు.

1954లో కిరణ్ సింగ్ వర్సెస్ చమన్ పాశ్వాన్ కేసులో జరిగింది ఇదే కోవలోది. బీహారులోని ఆ దావాకు వాదులు 2,950 రూపాయల విలువ కట్టారు. జిల్లా కోర్టు అప్పీలులోనూ ఓడి, హైకోర్టుకు వెళ్లినప్పుడు అసలు విలువ 9,980 రూపాయలని తేలింది. అలాగైతే మొదటి అప్పీలు హైకోర్టుకే రావలసిందని, జిల్లా కోర్టు తీర్పు చెల్లదని వాదులే వాదించారు. కోర్టు మారినంత మాత్రాన నష్టం జరిగినట్టు కాదని సుప్రీంకోర్టు వారి అప్పీలును కొట్టివేసింది. అందువల్ల ప్రతివాది కూడా అభ్యంతరాన్ని జవాబులోనే రాసి, సబ్ రిజిస్ట్రారు కార్యాలయం నుంచి మార్కెట్ విలువ ధ్రువపత్రం తెచ్చి జతచేసి, సాక్ష్యం మొదలుకాకముందే ఆ అంశాన్ని తేల్చమని కోర్టును అడగాలి.