బరంపురం నుంచి పిల్లలతో: భువనేశ్వర్ వండర్‌లానా, రామోజీ ఫిల్మ్ సిటీనా?

ఒడిశాలోని బరంపురంలో ఉండే మాకు వండర్‌లా అమ్యూజ్‌మెంట్ పార్కే దగ్గర. ఖుర్దా పక్కన కుమారబస్తాలో 2024లో మొదలైంది. హైవే మీద తెల్లవారే కారెక్కితే గేటు తీసే వేళకి చేరొచ్చు, రాత్రికి ఇంట్లో పడుకోవచ్చు. చిక్కల్లా ఎత్తుతోనే. అక్కడ టికెట్టూ, రైడూ వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి. అందుకే బయల్దేరేముందు గోడకి నిలబెట్టి పిల్లల ఎత్తు కొలవండి. పెద్ద రైడ్ దగ్గర వెనక్కి పంపితే ఆరేళ్లవాడి ఏడుపు ఆపడం ఎవరి తరం? నీళ్ల రైడ్లకి నూలు బట్టలు కుదరవు, నైలాన్‌వి కావాలి.

రామోజీ ఫిల్మ్ సిటీకైతే ఫలక్‌నుమా లాంటి రైల్లో సికింద్రాబాద్ వెళ్లి, అక్కణ్ణుంచి ఊరి బయటికి ఇంకో ప్రయాణం. రైల్లో రానూపోనూ రెండు రాత్రులు, హోటల్లో ఒక రాత్రి తప్పవు. కానీ బస్సులో కూర్చుని సెట్లు చూడొచ్చు, ఎత్తు గొడవ తక్కువ. మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మ కూడా రావచ్చు. బడిలో ఒడియా చదివే పిల్లలకి చుట్టూ తెలుగు వినబడటం నాకు ముచ్చటే.

అయిదేళ్లలోపు పిల్లలుంటే, ఎత్తు చిక్కు ఉన్నా, రాత్రికి ఇల్లు చేరొచ్చు కనక నా ఓటు వండర్‌లాకే, అదీ చలికాలంలో, సెలవు కాని రోజున. ఫిల్మ్ సిటీ రెండేళ్లు ఆగగలదు.