తటస్థీకరణోష్ణం కొలిచే కెలోరీమీటర్ కిట్: పాత్ర మేలైనది, థర్మామీటర్ చాలదు

విద్యార్థుల ప్రయోగశాలల కోసం తయారుచేసిన ఈ కిట్‌లో రెండు గోడల థర్మోకోల్ పాత్ర, రెండు రంధ్రాల మూత, ప్లాస్టిక్ కలియబెట్టే కడ్డీ, ఆల్కహాల్ థర్మామీటర్, ఒక సూచనల పత్రం ఉంటాయి. ఆమ్లాన్ని, క్షారాన్ని కలిపినప్పుడు వెలువడే ఉష్ణాన్ని, అంటే తటస్థీకరణోష్ణాన్ని, కొలవడానికి ఇంతకన్నా పెద్ద సామగ్రి అవసరం లేదు. అయితే ఈ ప్రయోగంలో కొలవవలసిన ఉష్ణోగ్రత మార్పు చాలా చిన్నది కాబట్టి కిట్ విలువను ఆ మార్పుతో పోల్చి చూడాలి.

ఒక మోలార్ (లీటరుకు ఒక మోల్, అంటే పదార్థ పరిమాణపు ఒక ప్రమాణం) హైడ్రోక్లోరిక్ ఆమ్లం 50 మిల్లీలీటర్లు, అంతే గాఢత గల సోడియం హైడ్రాక్సైడ్ 50 మిల్లీలీటర్లు కలిపితే 0.05 మోల్ నీరు ఏర్పడుతుంది. మోల్‌కు సుమారు 57 కిలోజౌళ్ల లెక్కన వెలువడే ఉష్ణం దాదాపు 2.85 కిలోజౌళ్లు, అది 100 గ్రాముల ద్రావణాన్ని 6.8 డిగ్రీల మేరకే వేడెక్కిస్తుంది. ఒక్కొక్క డిగ్రీకి ఒక్కొక్క గీత ఉన్న థర్మామీటర్‌పై అర డిగ్రీ పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, ఇక్కడ ఆ అర డిగ్రీ అంటే ఏడు శాతానికి పైమాటే. బలమైన ఆమ్లాలను, బలహీనమైన ఆమ్లాలను పోల్చి చూడవచ్చని పత్రం హామీ ఇస్తుంది గాని, బలహీనమైన ఎసిటిక్ ఆమ్లానికీ బలమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లానికీ మధ్య తేడా ఈ గాఢతలో పావు డిగ్రీ కూడా ఉండదు. సోడియం హైడ్రాక్సైడ్ బదులు బలహీన క్షారమైన అమ్మోనియా ద్రావణంతో మోల్‌కు 51.5 కిలోజౌళ్లే వస్తాయి కనుక ఆ తేడా మాత్రం, జాగ్రత్తగా చూస్తే, కనిపిస్తుంది. కిట్‌లోని థర్మామీటర్‌ను పక్కన పెట్టి, డిగ్రీలో పదోవంతు చూపే డిజిటల్ ప్రోబ్‌ను అదే రంధ్రంలో అమర్చిన తర్వాతే నాకు నమ్మదగిన అంకెలు వచ్చాయి.

పాత్ర విషయంలో ఫిర్యాదు లేదు. రాగి, అల్యూమినియం పాత్రల్లా ఇది వేడిని ఎక్కువగా తాగేయదు, ఆమ్లానికి చెక్కుచెదరదు, మూత బిగువుగా కూర్చుంటుంది.

నాకు అసలు అభ్యంతరం సూచనల పత్రంతోనే. అది పాత్ర పీల్చుకునే ఉష్ణాన్ని పూర్తిగా వదిలేసి, ద్రావణం ద్రవ్యరాశిని 4.18తో (ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావలసిన జౌళ్లు), ఉష్ణోగ్రతా వృద్ధితో గుణించి ఊరుకుంటుంది. తెలిసిన ఉష్ణోగ్రతల వేడినీళ్లను, చన్నీళ్లను ఇందులో కలిపి పాత్ర ఉష్ణధారణ సామర్థ్యాన్ని, అంటే దాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావలసిన ఉష్ణాన్ని, ముందుగా కనుక్కోవచ్చు. అది డిగ్రీకి 20 జౌళ్లు అనుకుంటే, 6.5 డిగ్రీల వృద్ధికి మోల్‌కు 54.3 కిలోజౌళ్లుగా తేలిన విలువ 56.9కి చేరుతుంది. కిట్ వల్ల కలిగిందనుకున్న లోపంలో పెద్ద భాగం నిజానికి లెక్కలో వదిలేసిన ఈ చిన్న పదానిదే. అలాగే పత్రం గరిష్ఠ ఉష్ణోగ్రతను మాత్రమే నమోదు చేయమంటుంది. కలిపిన తర్వాత కొన్ని నిమిషాల పాటు అరనిమిషానికొకసారి రీడింగ్ తీసుకుని, గ్రాఫు గీసి, చల్లబడుతున్న రేఖను కలిపిన క్షణం వరకు వెనక్కి పొడిగిస్తే బయటికి పోయిన వేడి కూడా లెక్కలోకి వస్తుంది.

వృద్ధి ఎక్కువగా కనిపించాలంటే ద్రావణాల పరిమాణం పెంచమన్న సలహా మరీ విచిత్రం. పరిమాణం రెట్టింపైతే ఉష్ణమూ రెట్టింపవుతుంది, వేడెక్కవలసిన నీరూ రెట్టింపవుతుంది. గాఢత రెట్టింపు చేస్తేనే వృద్ధి 13 డిగ్రీలు దాటుతుంది. రెండు మోలార్ క్షారంతో పనిచేసేటప్పుడు కళ్లద్దాలు, చేతితొడుగులు తప్పనిసరి, అవి ఈ కిట్‌లో లేవు. ఘన సోడియం హైడ్రాక్సైడ్‌ను నేరుగా ఆమ్లంలో వేయకూడదన్న హెచ్చరిక కూడా పత్రంలో లేదు. అలా వేస్తే ప్రమాదం సంగతి అటుంచి, అది కరిగేటప్పుడు విడుదలయ్యే ఉష్ణం సైతం తటస్థీకరణోష్ణం ఖాతాలో పడుతుంది.

మంచి ప్రోబ్ ఇప్పటికే ఉన్న ప్రయోగశాలకు ఈ పాత్ర, మూత కోసం కిట్‌ను కొనమనే చెబుతాను. థర్మామీటర్ కూడా ఇందులోదే వాడవలసి వస్తే, అమ్మోనియాతో పోలిక వరకే పరిమితమై, ఎసిటిక్ ఆమ్లం ప్రయోగాన్ని వదిలేయడం మంచిది.